రుమాలు వేసిన కుర్చీ

రథసప్తమి వెళ్ళిన మర్నాడు, మంగళవారం, పగలు ఒంటిగంట పది నిమిషాలకి మా అన్నయ్య గెలిచాడు. ఆ హాల్లో గడియారం ఉండదు. కిటికీ కూడా ఉండదు. టైము నా చేతి వాచీలో చూశాను. భయం పట్టుకున్నప్పుడు నేను టైము చూస్తాను. మా ఆయన పోయిన రోజున కూడా అలాగే చూశాను.

ముందు మేమెవరమో చెప్పాలి. అన్నయ్య ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు, డెబ్భై దాటాయి. వదిన పోయింది, కూతురు వేరే రాష్ట్రంలో ఉంటుంది. నాకూ ఎవరూ మిగల్లేదని కాగితాలు పెట్టి ఈ అమెరికాకి తెప్పించుకున్నాడు. ఫ్రిస్కోలో తన ఇంట్లో ఇద్దరం ఉంటాం. వంట నాది, కారు తనది. నాకు డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషు అంతంత మాత్రం. తెలుగు అక్షరాలే అరవై దాటాక మా వీధి చివర మాస్టారి దగ్గర దిద్దుకున్నాను. రాతలో తప్పులుంటే ఉంటాయి. విషయంలో మాత్రం తప్పు లేదు.

మాస్టారంటే ఒకప్పుడు కాలేజీలో లెక్చరరు. ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. అన్నయ్యకి స్నేహితుడు. నన్ను చెల్లెమ్మా అంటారు. ప్రతి మంగళవారం మా కారులో వెనక సీటు ఆయనది.

మంగళవారం ఎక్కడికంటే కాసినోకి. మా టెక్సాస్‌లో అటువంటివి లేవు. ఉత్తరానికి పోయి ఎర్రనీళ్ళ నది ఒకటి దాటితే వేరే రాష్ట్రం, అక్కడ ఉన్నాయి. మంగళవారం పెద్దవాళ్ళకి అక్కడ బఫే భోజనం ఉచితం. వదిన పోయిన కొత్తలో మాస్టారే తీసుకెళ్ళారు, మనిషి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నాడని. మంచి ఉద్దేశంతోనే తీసుకెళ్ళారు. మొదట నెలకోసారి. తర్వాత వారం వారం. తర్వాత మాస్టారు రాకపోయినా సరే, నేను వెళ్ళకపోయినా సరే, అన్నయ్య మాత్రం వెళ్ళేవాడు. తను ఒక్కడే వెళ్ళిన రోజున నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. దారిలో ఏదైనా అయితే నాకు ఎవరు చెప్తారు? అందుకని నేనూ ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టాను. నేను ఆడను. కాఫీ బండి పక్కన బెంచీ ఉంటుంది, అక్కడ కూర్చుని అన్నయ్య వీపు చూస్తూ ఉంటాను.

డబ్బు సంగతి నాకు తెలియదు. తను చెప్పడు, నేను అడగను. నాకు కనబడింది తన ఒళ్ళే.

అక్కడ డబ్బు వేసి బొత్తాం నొక్కే జూదం మిషన్లు ఉంటాయి, ఆ మిషన్ ముందు కూర్చుంటే అన్నయ్యకి ఆకలి తెలియదు, దాహం తెలియదు, ఒంటేలు వస్తున్నదీ తెలియదు. బిగబట్టి బిగబట్టి మూత్రంలో మంట తెచ్చుకున్నాడు, దానికి మందులు వాడాడు, మందులు అయిపోగానే మళ్ళీ బిగబట్టాడు. రెప్ప వెయ్యకుండా ఆ లైట్లు చూసి చూసి కళ్ళు ఎర్రగా ఉండేవి. అక్కడ లోపలే సిగరెట్లు కాలుస్తారు. జీవితంలో బీడీ ముట్టని మనిషికి దగ్గు పట్టుకుంది. కుడిచేతి చూపుడువేలు పొద్దున్న లేచేసరికి మడతపడిపోయి ఉండేది, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి విప్పుకునేవాడు. టీవీ ముందు కునుకు తీస్తుంటే ఆ వేలు కుర్చీ చేతి మీద టక్కు టక్కుమని కొట్టుకునేది. మనిషి నిద్రలో ఉండేవాడు. వేలు మెలకువగా ఉండేది.

కాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం, లోపల వట్టికాళ్ళతో తిరుగుతాం. ఎవరి పాదాలు ఎలా ఉన్నాయో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఆ చలికాలం అన్నయ్య ఇంట్లో కూడా సాక్సులు వేసుకోవడం మొదలుపెట్టాడు. కాళ్ళు వాచి, సాక్సు అంచు పిక్కలో దిగబడిపోయేది. ఎందుకన్నయ్యా అంటే చలి అన్నాడు. హీటరు వేసి ఉన్న ఇంట్లో చలేమిటో నాకు అర్థం కాలేదు. సాక్సులు ఉతకడానికి కూడా ఇచ్చేవాడు కాదు, తనే ఉతుక్కునేవాడు. వదిన ఉన్నన్నాళ్ళు గ్లాసు కూడా కడగని మనిషి.

అన్నయ్యకి షుగరు. అన్నం ముందు ఇన్సులిన్ వేసుకుంటాడు. నేను కంచంలో వడ్డించి పిలిచాక, చొక్కా కొంచెం పైకెత్తి పొట్టకి సూది పొడుచుకుని, చేయి కడుక్కుని వచ్చి కూర్చుంటాడు. ఆ సూది వేసుకున్నాక వెంటనే తినాలి. తినకపోతే షుగరు దిగిపోతుంది. ఒకసారి ఇంట్లోనే అలా అయి, చెమటలు పట్టి, మాట తడబడితే నేనే పంచదార నీళ్ళు తాగించాను. అప్పటినుంచి నాకు ఆ చెమట వాసన కూడా తెలుసు.

ఇక కుర్చీ. మా రోజుల్లో గుంటూరు బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపేవాళ్ళం. రుమాలు పడిందంటే ఆ సీటు వాళ్ళదే. ఇంకొకరు దాన్ని తీసి కూర్చోరు, అది మర్యాద. అన్నయ్య ఆ అలవాటుని ఇక్కడిదాకా తెచ్చుకున్నాడు. తనకి అచ్చొచ్చిందనుకునే మిషన్ ఒకటి ఉంది. దాని కుర్చీ ఖాళీ అయితే చాలు, పోయి జేబురుమాలు వేస్తాడు. కానీ అక్కడివాళ్ళకి ఆ మర్యాద ఏం తెలుసు? ఎవరో మర్చిపోయారనుకుని తీసి పక్కన పెట్టి కూర్చుంటారు. అలా రెండుమూడుసార్లు అయ్యాక అన్నయ్య రుమాలు వేసి, ఆ రుమాలు మీద తనే కూర్చోవడం మొదలుపెట్టాడు.

"మా ఊరి ఎక్స్‌ప్రెస్సులో కూడా ఇంత కష్టపడి సీటు ఆపలేదు చెల్లెమ్మా మీ అన్నయ్య," అని మాస్టారు నవ్వేవారు. "దిగే స్టేజీ వచ్చినా దిగడు."

ఆ మంగళవారం మేము ముగ్గురం బఫే లైన్లో నిలబడ్డాం. మాస్టారు ముందు, తర్వాత అన్నయ్య, వెనక నేను. లైను బాగానే కదులుతోంది. అన్నయ్య పక్కనే ఉన్న స్తంభం చాటుకి వెళ్ళి సూది వేసుకుని వచ్చాడు. ఇంట్లో నేను వడ్డించానని కేకేసినప్పుడు వేసుకుంటాడు కదా, లైను కదలడం కూడా వడ్డించినట్టే అనుకున్నాడు. నాకు నచ్చలేదు. కంచం చేతిలోకి వచ్చాక వేసుకోకూడదా అన్నాను. ఎదురుగా కనబడుతోంది కదే అన్నం అన్నాడు.

అన్నంతో పాటు ఆ లైన్లోంచి ఆ మిషన్ కూడా కనబడుతుంది. సరిగ్గా అప్పుడే దాని ముందున్న లావుపాటి ఆయన లేచాడు. అన్నయ్య జేబులోంచి రుమాలు తీశాడు.

"రెండు నిమిషాలు. రుమాలు వేసి వచ్చేస్తా. నువ్వు నాకు కూడా పెట్టించు."

"తిని వెళ్ళు అన్నయ్యా."

"అప్పటికి పోతుందే సీటు."

అని వెళ్ళిపోయాడు.

నేను రెండు కంచాల్లో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. మాస్టారు అవతలి బల్ల దగ్గర ఎవరో తెలిసినవాళ్ళు కనబడితే అటు వెళ్ళారు. అన్నయ్య తినకుండా నేను ముద్ద ఎత్తను, అది నా అలవాటు. బల్ల వదిలి వెళ్దామంటే కంచాలు తీసేస్తారు, అక్కడ బల్లలు తుడిచేవాళ్ళు అంత చురుకు. వస్తాడు, వస్తాడు అనుకుంటూ కూర్చున్నాను. అన్నం మీద ఆవిరి పోయింది. కూర మీద నూనె గడ్డకట్టింది. సూది లోపల పని చేస్తూ ఉంటుంది కదా అని తట్టింది. శాలువా తీసి కుర్చీ మీద వేశాను. వేశాక నవ్వొచ్చింది, నేనూ అదే పని చేస్తున్నానని. ఆ నవ్వు నోటిదాకా రాలేదు. లేచి నడిచాను. మోకాళ్ళు నొప్పి పెట్టే మనిషిని, పరిగెత్తినట్టే నడిచాను.

నేను ఇంకా దూరంలో ఉండగానే మిషన్ మోగింది. మామూలు మోత కాదు. పైన లైటు గిరగిరా తిరిగింది, గంటలు, పాటలు. చుట్టుపక్కలవాళ్ళు లేచి చూశారు, చప్పట్లు కొట్టారు. మా అన్నయ్య గెలిచాడు. వాచీ చూసింది అప్పుడే.

దగ్గరికి వెళ్ళి ముఖం చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నుదుటి మీద చెమట ధారగా కారి ముక్కు చివర చుక్క వేలాడుతోంది. ఆ హాల్లో ఏసీకి నాకు పళ్ళు కొట్టుకుంటాయి, అటువంటి చోట అన్నయ్య చొక్కా వీపుకి అంటుకుపోయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నన్ను చూడటం లేదు. మిషన్నీ చూడటం లేదు. గెలిచాక ఆ మిషన్ ఆగిపోతుంది, నొక్కినా పలకదు. అన్నయ్య వేలు మాత్రం నొక్కుతూనే ఉంది. టక్కు, టక్కు, టక్కు.

"అన్నయ్యా" అన్నాను. పలకలేదు. భుజం పట్టుకున్నాను. మంచు ముట్టుకున్నట్టుంది.

డబ్బు ఇచ్చే ఉద్యోగి ఒకతను నవ్వుతూ వచ్చి, కంగ్రాట్స్ అని చేయి చాపాడు. అన్నయ్య చేయి ఇవ్వలేదు. అతను ఇంకా నవ్వాడు. ఆనందం తట్టుకోలేకపోతున్నాడనుకున్నాడు. మోత విని మాస్టారు వచ్చారు. ఆయనా అదే అనుకున్నారు.

"వదిలెయ్ చెల్లెమ్మా, ఒక్క నిమిషం. నోట మాట రావడం లేదంతే. నాకు వస్తే నేనూ ఇలాగే కూర్చుంటా."

"షుగరు పడిపోయింది," అన్నాను. "సూది వేసుకున్నాడు, తినలేదు. చచ్చిపోతాడు మాస్టారూ."

చచ్చిపోతాడు అనే మాట ఆ గంటల మోతలో ఎవరికీ వినబడలేదు. మాస్టారికి వినబడింది. ఆయన ముఖంలో నవ్వు ఆరిపోవడం చూశాను. ఆయన ఆ ఉద్యోగి వైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా చెప్పారు, అంబులెన్స్ అన్న మాట నాకు అర్థమైంది. అతను రేడియోలో మాట్లాడాడు.

డ్రింకులు పంచే ఆవిడ ట్రే పట్టుకుని అటుగా వచ్చింది. ప్రతివారం చూసే మనిషే. నేను అన్నయ్య వైపు చూపించి కోక్ కోక్ అన్నాను. ఆవిడ పరిగెత్తింది, పరిగెత్తి తెచ్చింది. గ్లాసు పెదాలకి ఆనించాను. కొంచెం మింగాడు, మిగిలింది గెడ్డం మీదుగా చొక్కాలోకి కారింది. ఇక తేరుకుంటాడని చూస్తూ నిలబడ్డాను. తేరుకోలేదు. తల ఒక పక్కకి వాలింది. ఇంకో గుక్క పోశాను, పొలమారి గొంతులో గురగురమంది. ఆ శబ్దం ఇప్పటికీ పొయ్యి మీద ఏదైనా పొంగితే నాకు గుర్తొస్తుంది.

మాస్టారు గ్లాసు లాక్కుని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు.

"ఇది డైటు," అన్నారు.

అన్నయ్య ఎప్పుడూ డైటే అడుగుతాడు. షుగరు మనిషి కదా, అందులో పంచదార ఉండదని. ఆవిడకి అది బాగా గుర్తుంది. నేను కోక్ అన్నా, ఆయన తాగేదే తెచ్చింది. ప్రేమగానే తెచ్చింది. నేను చక్కెర అనుకుని వట్టి నీళ్ళు పోస్తున్నాను నా అన్నయ్య గొంతులో.

కాఫీ బండి దగ్గరికి నేనే పరిగెత్తాను. అక్కడ చిన్న చిన్న పొట్లాలు ఉంటాయి, గులాబీ రంగువి, పసుపువి, తెల్లవి. గులాబీ, పసుపు పంచదార కాదు, షుగరువాళ్ళు వేసుకునే ఉత్తుత్తి తీపి. ఇంట్లో అన్నయ్య డబ్బాలో అవే. తెల్లవి గుప్పెడు పట్టుకొచ్చాను. పళ్ళతో చింపి, వేలితో అన్నయ్య బుగ్గ లోపల, చిగుళ్ళకి రాశాను. పసిపిల్లకి ఉగ్గు పెట్టినట్టు పెట్టాను. వేలిని కొరికాడు. కొరికితే సంతోషించాను, ప్రాణం ఉందని.

పక్క మిషన్ దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం, పక్కన చక్రాల బండిలో ఆక్సిజన్ సీసా. ఒకసారి మా వైపు చూసింది. నేను చెయ్యి సాయం పడుతుందేమో అనుకున్నాను. తిరిగి మిషన్ వైపు తిరిగి నొక్కింది. ఆవిడ చెడ్డది కాదు. అన్నయ్య కూడా ఆవిడ స్థానంలో ఉంటే అదే చేసేవాడు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే.

అంబులెన్స్ వాళ్ళు ఇద్దరు వచ్చారు, ఒక మగ మనిషి, జడ వేసుకున్న ఒక అమ్మాయి. అన్నయ్యని కార్పెట్ మీద పడుకోబెట్టి చేతికి సూది గుచ్చి మందు ఎక్కించారు. కుర్చీలోంచి దింపినప్పుడు రుమాలు కింద పడింది. నేను తీసి బొడ్లో దోపుకున్నాను. కొంచెంసేపటికి అన్నయ్య కళ్ళల్లోకి మనిషి తిరిగొచ్చాడు. మొదటి మాట నాతో కాదు, మాస్టారితో.

"సీటు ఎవరైనా తీసుకున్నారా?"

మాస్టారు అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

జ్వరం కూడా ఉందని అంబులెన్స్ అమ్మాయి ఆస్పత్రికి తీసుకెళ్దామంది. బూట్లు విప్పింది ఆ అమ్మాయే. సాక్సు తీసేసరికి వాసన వచ్చింది. పండు మురిగిన వాసన. కుడిపాదం చిటికెనవేలు, దాని పక్క వేలు నల్లగా ఉన్నాయి.

ఆస్పత్రిలో ఉండగా, దూరాన ఆష్‌బర్న్‌లో ఉండే అన్నయ్య కూతురికి ఫోను కలిపి ఇచ్చారు మాస్టారు. అది ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు విరిచి విరిచి మాట్లాడుతుంది. ముందు ఏడ్చింది. తర్వాత డాక్టరుతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి, నాకు చెప్పింది.

"అత్తా, నాన్న ఫుట్ నువ్వు చూశావా ఎప్పుడైనా? నాన్నకి అక్కడ ఫీలింగ్ లేదు అత్తా. షూ రబ్ అయి పుండు అయింది, నాన్నకి తెలీలేదు. తెలిశాక దాచాడు. ఇన్ఫెక్షన్ వల్ల షుగర్ పైకి పోయింది. అందుకని నాన్న ఓన్‌గా ఇన్సులిన్ పెంచేశాడు. డాక్టర్‌కి చెప్పలేదు."

అప్పుడు అర్థమైంది. ఆ మిషన్ కుర్చీకి కింద ఇనప కమ్మీ ఉంటుంది, దాని మీద బూటు ఆనించి కూర్చుంటాడు. కదలడు. కాలు వాస్తుంది, బూటు బిగుస్తుంది, కాలివేలు ఒరుసుకుంటుంది, తెలియదు. తెలిసి దాస్తే, ఆ పుండే షుగరు పెంచింది. షుగరు పెరిగితే సూది పెంచాడు. పెంచిన సూది వేసుకుని రుమాలు వెయ్యడానికి వెళ్ళాడు. ఒక కుర్చీ కోసం ఇదంతా.

ఆ రెండు కాలివేళ్ళు తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే పాదం తీసేవాళ్ళమని డాక్టరు అన్నాడట. మేనకోడలు విమానంలో వచ్చి, కొన్నాళ్ళుండి, నాన్నని కారు ఎక్కనివ్వకు అత్తా అని చెప్పి వెళ్ళింది. అన్నానికి నేను కంచం ముందు పెట్టి, మొదటి ముద్ద కలిపాకే సూది వేసుకోనిస్తున్నాను. ప్రతి రాత్రి పాదాలు చూస్తాను. మొదట్లో సిగ్గుపడ్డాడు. ఇప్పుడు చాపుతున్నాడు. చేతి వేలు మాత్రం టక్కుమంటూనే ఉంది.

మొన్న శుక్రవారం డాక్టరు కట్టు విప్పి చూసి, ఇక డ్రైవ్ చేయొచ్చన్నాడు. ఇంటికొచ్చే దారిలో మాస్టారి కొడుకు కారు నడుపుతుంటే, అన్నయ్య ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా బ్రేకు తొక్కినట్టు పాదం కదిపి చూసుకున్నాడు. రేపు మంగళవారం.

ఇవాళ పొద్దున్న కాఫీ ఇస్తుంటే అడిగాడు.

"తాళం ఎక్కడ పెట్టావ్?"

కాఫీ గ్లాసు తన ముందుకి జరిపాను.

"ఒక్క గంటే. తిన్నాకే వెళ్తా, సరేనా? మంచి బూట్లు ఉన్నాయిగా ఇప్పుడు."

"ఆ రోజు ఏం జరిగిందో నీకు గుర్తుందా అన్నయ్యా?"

"ఏముంది, కూర్చున్నాను, కాస్త నిద్రపట్టింది. మీరంతా కలిసి దాన్ని పెద్ద కథ చేశారు. ఎవరు చూశారు?"

తను అబద్ధం ఆడటం లేదు. నిజంగానే గుర్తులేదు. రుమాలు తియ్యడం గుర్తుంది, ఆ తర్వాత కార్పెట్ మీద అంబులెన్స్ అమ్మాయి జడ గుర్తుంది. మధ్యలో తను ఎక్కడికి వెళ్ళివచ్చాడో తనకి తెలియదు. భయపడాల్సిన మనిషికి భయం లేదు. అది మొత్తం నా దగ్గరే ఉండిపోయింది. మోసుకుని తిరుగుతున్నాను.

నోటితో చెప్తే తను వాదిస్తాడు, నేను ఏడుస్తాను. అందుకని ఏమీ తెలియనివాళ్ళకి చెప్పినట్టు మొదటినుంచి రాశాను. ఈ కాగితాలు రేపు కాఫీ గ్లాసు కింద పెడతాను. తాళం సంగతి మాత్రం ఇందులో రాయను, వెతకొద్దు.

ఎవరు చూశారని అడిగావు కదా. చెప్తాను. నీకు చప్పట్లు కొట్టిన చుట్టుపక్కల మిషన్లవాళ్ళు, వాళ్ళ పేర్లు నాకు తెలియవు. నవ్వుతూ చేయి చాపిన ఆ ఉద్యోగి. డైటు తెచ్చిన ఆవిడ, నిన్ను కార్పెట్ మీద పడుకోబెట్టాక ట్రే కింద పెట్టేసి దణ్ణం పెట్టుకుంది. ఆక్సిజన్ సీసా ఆవిడ. అంబులెన్స్ ఆయన, జడ అమ్మాయి. మాస్టారు. నేను. ఇంకా నువ్వు. కళ్ళు తెరుచుకునే ఉన్నావు అన్నయ్యా, నువ్వొక్కడివే చూడలేదు.